ఎలక్ట్రిక్ కార్లా, బస్సుకు సొంత దారా, మెట్రోనా: నగరానికి ఏది మేలు?

వేగంగా పెరుగుతున్న నగరం రవాణాలో ఇంధనం ఆదా చేయాలంటే ముందు దేనికి పూనుకోవాలి? నా మాట అడిగితే, ముందు బస్సుకు సొంత దారి ఇవ్వాలి.

ఎలక్ట్రిక్ కారు గొప్పతనాన్ని కాదనను. పెట్రోల్ కారులో కాలిన ఇంధనంలో సుమారు నాలుగో వంతే చక్రాలకు చేరుతుంది, మిగతాది చాలావరకు వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ మోటారు కరెంటులో ఎక్కువ భాగాన్ని చక్రాలకే అందిస్తుంది, బ్రేకు వేసినప్పుడు కొంత బ్యాటరీకి తిప్పి పంపుతుంది కూడా. అయినా 70 కిలోల మనిషి ఒక్కడి కోసం టన్నున్నర బండి కదలాల్సిందే. రోడ్డు మీద అది తీసుకునే చోటూ తగ్గదు.

బస్సు తీసుకునే చోటును అరవై మందికి పంచుతాం. కానీ కార్ల మధ్య ఇరుక్కుంటే ఆ లాభం కరిగిపోతుంది. ఆగిన ప్రతిసారీ పది టన్నులు దాటిన బరువును మళ్లీ మొదటి నుంచి లాగాలి. కదలకుండా నిలబడ్డా డీజిల్ ఇంజిన్ తాగుతూనే ఉంటుంది. అందుకే సొంత లేన్ కావాలి. బ్రెజిల్‌లోని కురిటిబా 1974లోనే బస్సులకు విడిగా దారి ఇచ్చింది. 1991లో అక్కడ గొట్టం ఆకారపు స్టేషన్లు వచ్చాయి: ఎక్కకముందే టికెట్, ప్లాట్‌ఫాం బస్సు తలుపు ఎత్తులోనే, కాబట్టి స్టాపులో ఆలస్యం తక్కువ. కొలంబియా రాజధాని బొగోటాలో 2000లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో రద్దీ వేళ ఒక్కో దిశలో గంటకు 40,000 మందికి పైగా మోస్తుంది. స్టేషన్ల దగ్గర ముందు బస్సును దాటిపోయే లేన్ కూడా ఉండటం దీనికి ముఖ్య కారణం. మామూలు లేన్‌లో ఎంత సాఫీగా సాగినా గంటకు సుమారు రెండు వేల కార్లే వెళ్లగలవు.

ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ, కాబట్టి నిండుగా నడిచే మెట్రో రైలు ఇంధన ఆదాలో బస్సును మించుతుంది. అయితే సొరంగాలకు, స్తంభాలకు పట్టే సిమెంటు, ఉక్కు వెనుక చాలా ఇంధన ఖర్చు ఉంది. కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు జనం సొంత బండ్లు కొనేసుకుంటారు. బస్సు లేన్ చాలనంత రద్దీ ఉన్న మార్గాలకే మెట్రో కట్టాలి.

లేన్ వచ్చాక బస్సులను కరెంటుకు మార్చవచ్చు. చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికల్లా సుమారు 16,000 బస్సులనూ అలా మార్చేసింది.

లేన్ వేసేవాళ్లు స్టాపు దాకా ఫుట్‌పాత్ కూడా వేయాలి. నడిచి చేరలేని స్టాపుకు ఎవరూ రారు. దాదాపు ఖాళీగా తిరిగే బస్సు ఒక్కో మనిషికి కారుకన్నా ఎక్కువ ఇంధనం తాగుతుంది.