భాష అక్కడ, చట్టం ఇక్కడ: చిన్న సంఘాల శిక్షణకు భువనేశ్వరా, విశాఖా, మన ఊరా?

"మాస్టారూ, ఈసారి శిక్షణకి మనవాళ్ళని భువనేశ్వర్ పంపమంటారా, వైజాగ్ పంపమంటారా?"

సంఘం లెక్కలు, కాగితాలు నేర్పే శిక్షణ గురించి దసరా నుంచి ఇప్పటికి ఆరుగురు ఇదే అడిగారు. అందరూ ఒడిశాలోని మన పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు చిన్న సంఘాలవాళ్ళే. ఒకరిది రక్తదాన సంఘం, ఒకరు ముసలివాళ్ళకి మధ్యాహ్నం అన్నం పెడతారు, ఇంకొకరిది రెండు బీరువాల గ్రంథాలయం. ఏడాది ఖర్చు రెండు మూడు లక్షలు దాటదు, జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా రాసి పెడితే నయమనిపించింది. పైగా కిందటేడు మేం కూడా ఇదే గుంజాటన పడి, చివరికి ఈ రెండూ కాని మూడో దారి పట్టాం.

ముందు భువనేశ్వర్ సంగతి. మూడు రోజుల శిక్షణ అంటే నేనే వెళ్ళాను. తిండి, బస వాళ్ళే చూసుకున్నారు, ఫీజు లేదు. పలాస వెళ్ళి రైలెక్కడం, రావడం కలుపుకుంటే అయిదు రోజులు పోయాయి. చెప్పినవాళ్ళు గట్టివాళ్ళు, అందులో వంక పెట్టడానికి లేదు. ఒడిశాలో సంఘం నడపడానికి ఏ కాగితం ఏ ఆఫీసుకి వెళ్ళాలో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇబ్బంది రెండు చోట్ల వచ్చింది. తెరమీద ఇంగ్లీషు, నోట ఒడియా. మనకి ఒడియా రాదా అంటే వచ్చు. సంతలో బేరమాడతాం, బస్సులో కబుర్లు చెబుతాం. కానీ బజారు ఒడియా వేరు, బ్యాలెన్సు షీటు ఒడియా వేరు. మూలనిధికి (ఖర్చు పెట్టకుండా దాచి ఉంచే నిధికి) ఇచ్చిన విరాళానికీ మామూలు విరాళానికీ తేడా చెబుతున్నప్పుడు నేను తలాడించాను, పక్కాయనా తలాడించాడు. టీ దగ్గర ఒకరినొకరు అడుగుకుంటే ఇద్దరికీ అర్థం కాలేదని తేలింది.

రెండోది, వాళ్ళు చూపించిన ఉదాహరణలన్నీ కోట్లలో నడిచే సంస్థలవి. ఒక పూటంతా విదేశీ విరాళాల చట్టానికే పోయింది. ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, అందులో ఆఫీసు ఖర్చులు 20 శాతం మించకూడదు, ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. కావలసినవాళ్ళకి చాలా అవసరమైన విషయాలే. మాకు విదేశాల నుంచి వచ్చేది మా మేనల్లుడు వాట్సాప్‌లో పెట్టే శుభోదయాలు మాత్రమే.

విశాఖ శిక్షణకి మా కోశాధికారి వెళ్ళింది. ఒక్క రోజు, ఫీజు ఉంది, అంతా తెలుగులో. గుణుపురం పాసింజరు ఎక్కి ముందు రోజే వెళ్ళి చెల్లెలింట్లో ఉంది. వచ్చేటప్పటికి మొహం వెలిగిపోతోంది. ఏ రిజిస్టరు ఎందుకో, తీర్మానం ఎలా రాయాలో గడగడా చెప్పింది. ఏటా రిజిస్ట్రారుకి పంపాల్సినవి అంటూ ఒక కాగితం కూడా తెచ్చింది. దాన్ని పట్టుకుని ఇక్కడి ఆఫీసుకి వెళితే, ఆ సెక్షన్లు ఇక్కడివి కావన్నారు. నిజమే మరి. ఆంధ్రప్రదేశ్‌కి 2001లో సొంత సొసైటీల చట్టం వచ్చింది, తెలంగాణకీ అదే సంక్రమించింది. ఒడిశాలో మనం ఇంకా 1860 నాటి చట్టం కిందే ఉన్నాం. విశాఖలో చెప్పినవాళ్ళు తప్పేమీ చెప్పలేదు, వాళ్ళ రాష్ట్రానికి చెప్పారు. సరిహద్దులో ఉన్నవాళ్ళం మనమే చూసుకోవాలి.

ఆ పేచీ వల్ల ఒక మంచి జరిగింది. 1860 చట్టం నాలుగో సెక్షను తీసి చదివాను. ఏటా సర్వసభ్య సమావేశం అయిన పద్నాలుగు రోజుల్లోగా కార్యవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులు రిజిస్ట్రారుకి దాఖలు చెయ్యాలి. మా కార్యవర్గం మారలేదు కదా, మళ్ళీ ఎందుకని రెండేళ్ళు నేను ఇవ్వనే లేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి హాజరు వేసినవాడిని, ఇక్కడ నేనే గైర్హాజరు.

అయితే విశాఖ ప్రయాణం దండగ అనుకోకండి. ఆదాయపు పన్ను దేశమంతటికీ ఒకటే. చిన్న సంఘాల మెడకి చుట్టుకునేవి చాలావరకు ఆ పద్దులోనే ఉంటాయి. 80జీ (దాతకి పన్ను రాయితీ వచ్చే అనుమతి) ఉన్న సంఘం గడిచిన ఏడాది విరాళాల వివరం మే 31 లోగా ఆన్‌లైన్లో ఇవ్వాలి, ఇన్నాళ్ళూ 10బీడీ అని పిలుస్తున్నది అదే. ఆలస్యమైతే రోజుకి 200 రూపాయల రుసుము. పైగా అది ఇస్తేనే దాతకి సర్టిఫికెట్టు వస్తుంది. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకి రాయితీ రాదు. ఒక మనిషికి ఒక రోజున పది వేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చుని సంఘం ఖర్చుగా ఒప్పుకోరు. లెక్కల పుస్తకాలు పదేళ్ళు దాచాలి (చెదలకి ఈ నిబంధన ఎవరు చెప్పాలో). ఇవన్నీ విశాఖలో విన్నా, హైదరాబాదులో విన్నా మనకి పనికొస్తాయి. తెలుగులో వింటే ఎక్కువ పనికొస్తాయి.

ఒక్క జాగ్రత్త. కొత్త ఆదాయపు పన్ను చట్టం, అంటే 2025 నాటిది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. నాలుగేళ్ళ కిందటి నోట్సు జిరాక్సు తీసి పంచే శిక్షణ ఎక్కడ జరిగినా దాని జోలికి పోకండి. పాత నోట్సు పట్టుకుంటే లాభం కూడా పోతుంది. ఉదాహరణకి, ఏడాదికి అయిదు కోట్లలోపు ఆదాయమున్న సంస్థలకి 12ఏబీ రిజిస్ట్రేషను (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది) పునరుద్ధరణ అయిదేళ్ళకి బదులు పదేళ్ళకి ఇస్తున్నారు, 2025 ఏప్రిల్ నుంచి పెట్టుకున్న దరఖాస్తులకి. మాలాంటివాళ్ళం అందరం ఆ లెక్కలోకే వస్తాం. తెలియక అయిదేళ్ళే అనుకుంటున్నవాళ్ళు మొన్ననే ఇద్దరు కనిపించారు.

కాబట్టి చట్టం కోసం భువనేశ్వర్, భాష కోసం విశాఖ అనేస్తే సరిపోతుందా? నేనూ కొన్నాళ్ళు అలాగే చెప్పాను. ఇప్పుడు చెప్పను. ఎక్కడ జరిగిందన్నదాని కన్నా ఎవరు వెళ్ళారన్నది పెద్ద విషయం.

మన సంఘాల్లో శిక్షణ అనగానే కార్యదర్శి బయలుదేరతాడు. సంచీ, ఫైలు, సర్టిఫికెట్టు, గ్రూపు ఫొటో ఆయనకి. చిట్టా, అంటే రోజువారీ జమాఖర్చులు, రాసేది మాత్రం ఇంకొకరు. మా దగ్గర చిట్టా రాసేది కిరాణా కొట్టు నడిపే మా కోశాధికారి. తెలుగు మీడియంలో పదో తరగతి. రాత్రి కొట్టు కట్టేశాక మా సంఘం పద్దు రాస్తుంది. నేను భువనేశ్వర్ నుంచి తెచ్చిన పుస్తకం ఆవిడ చేతికిస్తే నాలుగు రోజులు ఉంచుకుని తిరిగి ఇచ్చేసింది.

"ఏటి మాస్టారూ, ఇందులో అన్నీ లక్షలే ఉన్నాయి. మన ఇరవై రూపాయల ఆటో కిరాయి ఎక్కడ రాయాలో ఎవలూ చెప్పలేదు. ఆటోవోడు బిల్లిస్తాడేటి?"

నన్నడిగితే, శిక్షణ అంటే ఈ ప్రశ్నకి జవాబు చెప్పడమే. జవాబు కష్టమైనదేం కాదు. మనమే ఓచరు రాసుకోవాలి. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎంత, ఇచ్చినవాళ్ళ సంతకం, మంజూరు చేసినవాళ్ళ సంతకం. కానీ నూట యాభై మంది కూర్చున్న హాల్లో, రాని భాషలో, మైకు అందుకుని ఈ ప్రశ్న అడిగే ధైర్యం ఆవిడకి ఉండదు. నాకూ లేదు, అందుకే తలాడించి వచ్చాను.

గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలన్నారు. చిట్టా రాసేవాళ్ళకి చిట్టా భాషలో చెప్పాలనడం కూడా అదే మాట, కాస్త చిన్న పద్దులో.

మేం పట్టిన మూడో దారి ఇది. ఏడు సంఘాలం కలిశాం. సంఘానికి వెయ్యిన్నర వేసుకున్నాం. బరంపురంలో ఉండే ఒక రిటైరైన బ్యాంకు ఆయన్ని, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాడిని, ఒక ఆడిటరు దగ్గర పనిచేసే కుర్రాణ్ణి పిలిపించాం. కల్యాణ మండపంలో పక్క గది ఉచితంగా ఇచ్చారు. రెండు ఆదివారాలు, మధ్యలో నెల రోజుల ఎడం. షరతు ఒక్కటే. ప్రతి సంఘం నుంచి చిట్టా రాసే మనిషి రావాలి, తమ చిట్టా, ఓచర్లు, రసీదు బుక్కు, తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు తెచ్చుకోవాలి. కార్యదర్శులు కావాలంటే వచ్చి వెనక కూర్చోవచ్చు.

మొదటి గంట ఎవరూ సంచీలు విప్పలేదు. అందరం ఒక్క ఊరివాళ్ళమే, మన లెక్కల్లో బొక్కలు పక్కవాళ్ళకి ఎలా చూపిస్తాం? దూరం ఊళ్ళో శిక్షణకి లేని చిక్కు ఇది, అక్కడ ఎవరికెవరు తెలుసు గనక. చివరికి మా చిట్టా నేనే ముందు విప్పాను. మా దగ్గర నగదు నిల్వ పుస్తకంలో ఉన్నదానికన్నా 640 రూపాయలు ఎక్కువ తేలింది. ఎక్కడిదో తెలియదు. అందరూ నవ్వారు, ఆ తర్వాత సంచీలు విప్పారు. ఒక సంఘం అన్నదానం వంటవాడికి ఒకే రోజు 14 వేలు నగదు ఇచ్చింది. ఒకరు విరాళాల రసీదుల్లో దాత పాన్ నంబరు రాయడమే లేదు. ఇంకొకరి దగ్గర తీర్మానాల పుస్తకంలో రెండు సమావేశాలు ఒకే సిరాతో, ఒకే రోజు రాసినట్టు పిల్లవాడైనా పట్టేస్తాడు. మా 640 కూడా దొరికింది, రెండో పూట టిఫిను వేళకి. ఒక దాత చిల్లర తిరిగి తీసుకోలేదట, రసీదు మాత్రం పాత మొత్తానికే కోశాం.

నెల ఎడం ఎందుకంటే, మొదటిరోజు చెప్పినది ఇంటికెళ్ళి చేసి తెస్తేనే రెండో రోజు అసలు ప్రశ్నలు పుడతాయి. నేను విన్న శిక్షణల్లో దూరపు ఊళ్ళవి ఏవీ ఇలా రెండోసారి పిలవలేదు. పిలిచినా ఎవరు వెళతారు, రెండుసార్లు ఛార్జీలు పెట్టుకుని?

ఇందులో లోట్లు లేవా? ఉన్నాయి. సర్టిఫికెట్టు రాదు, నిధులిచ్చే కంపెనీలకి అది చూపించుకోవాలనుకుంటే భువనేశ్వర్ వెళ్ళాల్సిందే. కొత్త పరిచయాలు కలగవు. రోజూ సంతలో చూసుకునే మొహాలే మళ్ళీ. పక్కనే ఇల్లుండడంతో పదకొండింటికి ఒకరు పాలు కాచి వస్తామని వెళ్ళి రెండింటికి వచ్చారు. చెప్పే మనిషి మంచివాడు దొరక్కపోతే మొత్తం తలకిందులే. ఈ చివరిది అన్నింటికన్నా పెద్ద లోటు, దాచను. మాకు దొరికాడు, మీకు దొరక్కపోవచ్చు. అప్పుడు విశాఖే మేలు, కానీ సొసైటీ చట్టం చెప్పే గంటలో పెన్ను కింద పెట్టి టీ తాగండి.

జూమ్ శిక్షణలు చవక. గుమ్మ, మోహన వైపు కొండల్లో ఉన్నవాళ్ళకి నెట్టు ఉంటే మంచిదే. ఉండదు. యూట్యూబులో తెలుగు వీడియోలు పద్దు రాయడం నేర్చుకోడానికి సరిపోతాయి, ముందు తేదీ చూసుకోండి. ఇక "అన్నీ మేమే చేసిపెడతాం, సంతకం పెడితే చాలు" అనే కన్సల్టెంట్ల గురించి నన్ను అడక్కండి. పోర్టల్ పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉండిపోయిన సంఘాలు నాకు తెలుసు.

గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి కూడా ఒకాయన అడిగారు, తెలుగు కోసం ప్రాణహిత దాటి మంచిర్యాల వైపు వెళ్ళొచ్చా అని. మీ దగ్గర తేడా ఇంకా ఎక్కువండీ. మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం ఉంది, ఛారిటీ కమిషనరు ఆఫీసు ఉంది. కార్యవర్గం మారితే తొంభై రోజుల్లో మార్పు నివేదిక ఇవ్వాలి. తెలంగాణలో ఇవేవీ చెప్పరు, చెప్పాల్సిన పనీ వాళ్ళకి లేదు. పద్దులు, పన్ను తెలుగులో నేర్చుకోండి. ఛారిటీ కమిషనరు కాగితాలకి మాత్రం మరాఠీ బాగా వచ్చిన మనిషిని మీ ఊళ్ళోనే పట్టుకోండి.

ఇంకో మాట. ఈ నెల మాకు మళ్ళీ భువనేశ్వర్ నుంచి పిలుపు వచ్చింది, ఒక సీటు, ఖర్చులన్నీ వాళ్ళవే. ఈసారి మీరు వెళ్ళండమ్మా అని మా కోశాధికారికి చెప్పాను. ఆవిడ కొట్టు ఎవరు చూస్తారంది. మూడు రోజులూ నేను కూర్చుంటానన్నాను.

"మీరు కూకుంటే అరువులు ఎక్కువైపోతాయి మాస్టారూ," అంది. ఇంకా తేలలేదు.