ఫ్లెక్సీ మీద రేటు చూసి ఎలక్ట్రిక్ కారుకు అడ్వాన్స్ కట్టకండి

నల్గొండ, మిర్యాలగూడ వైపు ఎవరైనా ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటే ఇది చదివాకే షోరూంకి వెళ్లండి. క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్సీలో ధర చూసి, రోజూ నార్కట్‌పల్లి దాకా పోయొచ్చే నాకు పెట్రోల్ ఖర్చు తప్పుతుంది కదా అని ఆశపడి 21 వేలు కట్టాను. తీరా కొటేషన్ చేతికొచ్చాక చూస్తే ఫ్లెక్సీ రేటు కంటే 2 లక్షల 70 వేలు ఎక్కువ!

ఆ రేటు బేస్ మోడల్‌దట. అది స్టాక్‌లో ఉండదు, ఎప్పుడొస్తుందో చెప్పరు, "పెద్ద బ్యాటరీదైతే ఈ వారమే డెలివరీ సార్" అంటారు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించాలి, యాక్సెసరీస్ వద్దన్నా కలిపేశారు. అన్నిటికంటే ఒళ్లు మండింది 'రిజిస్ట్రేషన్, ఇతరాలు' అని 38 వేలు వేసిన చోట. మన తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. ఆ మాట అడిగితే షోరూం అబ్బాయి ఏమీ మాట్లాడకుండా పెన్నుతో ఆ అంకె కొట్టేసి పక్కన 4 వేలు అని రాశాడు. అడగకపోతే కట్టేసి వచ్చేవాణ్ణే.

నెలాఖరుకి రేటు పెరుగుతుందని తొందర పెడితే లొంగకండి. టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు టియాగో ఈవీ 2022లో 8.49 లక్షలతో మొదలైంది, 2023లో పెంచారు, 2024 ఫిబ్రవరిలో 7.99కి దిగింది. ఆగినవాళ్లకే తక్కువకు దొరికింది. బ్యాటరీ అద్దె సంగతి కూడా చూసుకోండి. 2024 సెప్టెంబర్‌లో ఎంజీ వాళ్ల ఎలక్ట్రిక్ కారు కామెట్‌కు చెప్పిన 4.99 లక్షల్లో బ్యాటరీ లేదు, కిలోమీటరుకు 2.50 రూపాయల చొప్పున అప్పట్లో విడిగా కట్టాల్సి వచ్చేది, అంటే నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 2,500, చార్జింగ్ కరెంటు ఖర్చు వేరే.

ఆన్-రోడ్ ధర (ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ లాంటివన్నీ కలిపిన మొత్తం), మోడల్ పేరు, డెలివరీ తేదీ, రద్దు చేసుకుంటే ఎంత వెనక్కిస్తారు, ఇవన్నీ స్టాంపు వేయించి రాయించుకున్నాకే పైసలు కట్టండి. నేను నోటిమాట నమ్మాను. బుకింగ్ రద్దు చేసి ఏడు వారాలైంది, ఒక్క రూపాయి రాలేదు, ఎప్పుడు ఫోన్ చేసినా "అకౌంట్స్‌లో ఉంది సార్" అంటున్నారు. మన జిల్లాలో ఎవరైనా బేస్ మోడల్‌ను నిజంగా ఫ్లెక్సీ రేటుకే తీసుకుని ఉంటే ఏ ఊళ్లో తీసుకున్నారో చెప్పండి, అక్కడికే వెళ్తాను.