అద్దె పుస్తకాల షాపుకి లాయర్ సలహా: గుంటూరులో నేను పెట్టిన 1,500 రూపాయలు

అరండల్‌పేటలో నాది చిన్న అద్దె పుస్తకాల షాపు. మార్చిలో డ్రాయింగ్ నేర్చుకుంటున్న ఒక ఇంటర్ అబ్బాయి ఖజురహో శిల్పాల ఫోటోల పుస్తకం తీసుకెళ్లాడు. మర్నాడే వాళ్ల నాన్నగారు వచ్చి, "పదహారేళ్ల పిల్లాడికి ఇవా ఇచ్చేది? కేసు పెడతా" అని నలుగురిలో కేకలేశారు. రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. తెలిసినవాళ్లు చెబితే బ్రాడీపేటలో ఒక క్రిమినల్ లాయర్‌గారి దగ్గరికి వెళ్లాను. ముప్పావు గంటకి 1,500 తీసుకున్నారు.

ఆయన ఊరికే ధైర్యం చెప్పి పంపలేదు. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహిత తెరిచి 294, 295 సెక్షన్లు నా చేతే చదివించారు. అశ్లీలమైన పుస్తకాలు, బొమ్మలు ఎవరికి అమ్మినా, అద్దెకిచ్చినా 294 కింద నేరం. అవే పిల్లలకి ఇస్తే 295 కిందకి వస్తుంది, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. పాత ఐపీసీ 293లో ఇరవై ఏళ్ల లోపు అని ఉండేది. 2024 జులై 1 నుంచి పద్దెనిమిది లోపు.

"లోపల ఏముందో నేను చూడలేదంటే సరిపోదా అండీ?" అని అడిగాను. "సరిపోదమ్మా" అన్నారు. బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీ కేసులో 1964లోనే సుప్రీంకోర్టు తేల్చిందట: లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసని ప్రాసిక్యూషన్ నిరూపించక్కర్లేదు. పెద్దవాడనుకున్నానని చెప్పాలన్నా, జాగ్రత్తగా వయసు కనుక్కుని ఉండాలి. నా రిజిస్టర్‌లో నా చేత్తోనే 16 అని రాసి ఉంది!

గుడి శిల్పాలకి చట్టంలో మినహాయింపు ఉందని విని, అదే నన్ను కాపాడుతుందనుకున్నాను. అది గోడ మీది శిల్పానికి, పుస్తకానికి కాదని ఆయన సరిదిద్దారు. పుస్తకానికి పనికొచ్చేది చట్టంలో దానికి ముందున్న ఇంకో మినహాయింపు: విజ్ఞానం, సాహిత్యం, కళ, చదువు కోసం ప్రజలకి మేలు చేసే ప్రచురణ అయితే 294 వర్తించదు, 294 లేకపోతే 295 కూడా నిలవదు. కాకపోతే ఆ మేలు ఉందని చూపించాల్సింది మనమే. పుస్తకంలో ముందుమాట, శిల్పాల వివరాలు, అబ్బాయి డ్రాయింగ్ క్లాసు, అన్నీ నోట్ చేసుకున్నారు. నాకు టెన్షన్ తగ్గింది అప్పుడే.

ఒక్క లోపం. గంటసేపు బయట కూర్చోబెట్టారు, అక్కడ ఫ్యాను కూడా లేదు. రాతపూర్వక సలహా నాలుగో రోజున ఇంగ్లీషులో వచ్చింది. నాకు అర్థం కాలేదని ఫోన్ చేస్తే, పైసా అడక్కుండా ఒకటిన్నర పేజీ తెలుగులో చేత్తో రాసి పంపారు. ఆ కాగితం లామినేట్ చేయించి కౌంటర్ సొరుగులో పెట్టుకున్నాను.