ఏడు రోజుల గేరు పాఠాలు, ఒక మందపాటి మ్యాట్

నాకు లైసెన్సు వచ్చి పదిహేనేళ్లు దాటింది. బండి తోలడం వచ్చనే అనుకుంటూ వచ్చాను. కాకపోతే నేను ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చినప్పుడల్లా బండి కుదుపుతుంది, వెనక సీట్లో మా అత్తగారు "రామా" అంటారు. విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి ఎండాడ వెళ్లేలోపు పదకొండు రామాలు అయ్యాయని మా అబ్బాయి లెక్కపెట్టి మరీ చెప్పాడు. ఆ వారంలోనే ఇంటికొచ్చి మన కారులోనే నేర్పే మాస్టారిని మాట్లాడుకున్నాను. రోజుకి గంట చొప్పున ఏడు రోజులు, 3,500 రూపాయలు.

మాస్టారు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. మొదటి రోజు వెంటనే ఇంజను స్టార్ట్ చేయనివ్వలేదు. "క్లచ్ పూర్తిగా తొక్కండమ్మా" అన్నారు. తొక్కాను. "ఇంకా" అన్నారు. ఇంతకంటే దిగదండీ అన్నాను. కిందికి వంగి ఫోను లైటు వేసి చూసి, ఒక నవ్వు నవ్వి, నేను 4,800 పెట్టి వేయించిన మ్యాట్ అంచు పట్టుకుని బయటికి లాగారు. రెండు వేళ్ల మందం. అది ముందుకి జరిగి పెడల్ కిందికి చేరింది. మ్యాట్ తీసేశాక తొక్కితే పెడల్ ఇంకో అంగుళం దిగింది. తర్వాత స్టార్ట్ చేసి చూస్తే, ఆర్నెల్లుగా రివర్స్ వేస్తే వచ్చే 'కర్ర్' మాయమైపోయింది! క్లచ్ సెట్టు మార్చాలని 9,000 అంచనా చెప్పిన మెకానిక్ మొహం గుర్తొచ్చింది. నా ఫీజు అక్కడే వసూలైపోయింది.

శబ్దం పోయింది గానీ కుదుపు పోలేదు. అది నా తప్పే.

గేరు ఎందుకు అరుస్తుందో మాస్టారు చెప్పిన తీరు నాకు భలే నచ్చింది. "కదిలే బస్సు ఎక్కీవోడు ముందు నాలుగడుగులు పక్కనే పరిగెడతాడు కదమ్మా? లోపల ఇత్తడి రింగు చేసీ పని అదే." తిరుగుతున్న గేరు వేగాన్ని షాఫ్టు వేగంతో కలిపాకే పళ్లు కూడతాయి. దాన్నే సింక్రోమెష్ అంటారు. అలా కలపడానికి అర సెకను పడుతుంది. మనం ఆ అర సెకను ఇవ్వకుండా రాడ్డుని తోస్తాం. చాలా కార్లలో రివర్స్‌కి ఈ రింగే ఉండదు. అందుకే బండి పూర్తిగా ఆగాక, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయాలి. పాత బస్సుల్లో ఏ గేరుకీ ఉండేది కాదట. ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కేవారట.

రెండో రోజు మొత్తం చేతి పాఠం. నేను గేరు రాడ్డుని పిడికిలి బిగించి పట్టుకుంటాను. సెకండ్ నుంచి థర్డ్‌కి ఏటవాలుగా నెడతాను. ఒక్కోసారి ఫిఫ్త్‌లో పడుతుంది, బండి మూలుగుతుంది. "ఒగ్గీండమ్మా, అదే వస్తాది" అన్నారు. సెకండ్ నుంచి న్యూట్రల్‌కి తెచ్చి చెయ్యి వదిలితే, లోపలి స్ప్రింగే రాడ్డుని మధ్య గీతలోకి తెచ్చి నిలబెట్టింది. అక్కణ్నుంచి నిటారుగా పైకి తోస్తే థర్డ్. ఇన్నేళ్లుగా స్ప్రింగుతో కుస్తీ పట్టానన్నమాట. ఒకటి, రెండు గేర్లకి అరచెయ్యి పక్క సీటు వైపు, మిగతావాటికి మన వైపు తిప్పి పట్టుకోవాలని కూడా చూపించారు. ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, కళ్లు మూసుకుని యాభై సార్లు మార్పించారు. ఎదురింటాయన వాకింగుకి వెళ్తూ ఆగి చూశాడు. పోనీలెండి.

అసలు రోగం ఎడమ కాలిదని మూడో రోజు తేలింది. నేను క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేస్తున్నాను. పట్టు వచ్చే చోటు దాకా గబుక్కున వదలొచ్చు, అక్కడ మాత్రం ఒక్క క్షణం నిలపాలి. కుడి కాలు మెల్లగా ఎక్సలేటరు మీదికి వస్తుంటే మిగతాది వదలాలి. అలాగని సగం క్లచ్ మీదే కూర్చుంటే ప్లేటు అరిగిపోతుంది. నా బండిలో 2,000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గేరు మార్చితే బాగుంటోంది. మీటరు ముల్లు చూడొద్దు, ఇంజను శబ్దం వినమన్నారు. అందుకే ఏసీ, పాటలు బందు. మార్చి నెల ఉక్కలో అద్దాలు దించుకుని తోలాను.

ఆరో రోజు సింహాచలం ఘాట్. దిగేటప్పుడు థర్డ్ నుంచి సెకండ్‌కి తెచ్చి, క్లచ్ వదిలే ముందు ఎక్సలేటరు చిన్నగా తొక్కమన్నారు. ఇంజను వేగం కాస్త పెరిగి చక్రాలతో కలిసిందేమో, ముందుకి తూలే బదులు బండి మెత్తగా నెమ్మదించింది. బ్రేకు మీద కాలు మాటిమాటికీ పోలేదు. ఆ రోజు అత్తగారు కూడా వచ్చారు, దర్శనం వంకతో. మొత్తం దారిలో రెండే రామాలు. అందులో ఒకటి అడ్డంగా దూరిన బైకుది, నాది కాదు.

ఇక లోపాలు. మన కారులో ఆయన వైపు బ్రేకు ఉండదు, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండు బ్రేకుల బండి ఉన్న చోటికే వెళ్లండి. ఉదయం ఐదున్నర అంటే ఆరుకి వస్తారు. రెండు రోజులు క్లాసు మధ్యలో ఫోనులో చీటీ పాట పంచాయితీ నడిపారు. రసీదు అడిగితే ఏమీ వినపడనట్టు ఉండిపోయారు. పార్కింగ్ నేర్పమంటే "అది మీకే వస్తాదమ్మా" అన్నారు.

రాలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లారులో నాలుగో స్తంభానికి నా బంపరు రంగు అంటుకుంది. మ్యాట్ మాత్రం బాల్కనీలో తులసి కుండీ కింద బాగా అమరింది.