అరల బెజ్జాల జిగ్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కప్‌బోర్డులో అరలు పైకీ కిందికీ మార్చుకునేలా ఉండాలంటే రెండు పక్క పలకల్లోనూ వరసగా బెజ్జాలు పడాలి. ఒక్కో అరకు నాలుగు పిన్నులు. మూడు బెజ్జాలు సరిగ్గా ఉండి నాలుగోది ఒక్క మిల్లీమీటరు కిందికి జారినా అర కుంటుతుంది, దాని మీది డబ్బా తీసినప్పుడల్లా టక్కుమంటుంది. టేపు పట్టి, పెన్సిల్ గీసి, మేకుతో గుర్తు కొట్టి బెజ్జం వేస్తే ఇది తప్పదు. డ్రిల్ బిట్ సరైన చోటే దిగేలా దారి చూపే, సమాన ఎడంలో బెజ్జాలున్న పలకే జిగ్. అది కొనేది ఇందుకే. అయితే జిగ్ వాడి చేసిన పనిలోనూ కుంటే అరలు కనిపిస్తాయి. అక్కడ తప్పు జిగ్‌ది కావచ్చు, ఆనించిన అంచుది కావచ్చు. రెండోదే ఎక్కువ.

ఈ నాలుగేళ్లలో వంటింటి కప్‌బోర్డులకూ బట్టల అల్మారాలకూ మూడు రకాలు వాడి చూశాను. ఒకటి ప్లాస్టిక్ ఒంటికి ఉక్కు బుష్‌లు, అంటే బిట్ దూరే చిన్న గొట్టాలు, బిగించినది. రెండోది బుష్‌లు లేని పలుచని యాక్రిలిక్ పలక, దానితో స్ప్రింగ్ తొడుగున్న బిట్. మూడోది ఇంట్లో చేసుకున్నది. మొదటిదే చేతిలో మిగిలింది. మిగతా రెండూ పనికిరానివని కాదు, వాటి జాగా వేరు.

కొనేముందు చూడాల్సింది బెజ్జం సైజు. మన హార్డ్‌వేర్ కొట్లలో దొరికే షెల్ఫ్ పిన్నులు దాదాపు అన్నీ 5 మి.మీ.వి. అమెరికాలో పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. వాడకం కూడా ఉంది. క్రెగ్ కంపెనీ షెల్ఫ్ పిన్ జిగ్ ఈ రెండు సైజుల్లోనూ విడివిడిగా వస్తుంది. అక్కడి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో తెప్పించుకుంటే పెట్టె మీద 5 మి.మీ. అని ఉందో లేదో ముందే చూడమనండి. పావు అంగుళం బెజ్జంలో మన పిన్ను 1.35 మి.మీ. వదులుగా ఉంటుంది. అర బరువుకి తల వంచేస్తుంది.

తర్వాత 32, 37 అనే రెండు అంకెలు. వరసలో ఒక బెజ్జం నడిమి నుంచి పక్క బెజ్జం నడిమికి 32 మి.మీ., పలక ముందంచు నుంచి మొదటి వరసకు 37 మి.మీ. ఇది యూరప్ ఫ్యాక్టరీల కొలత. ఒకేసారి చాలా బెజ్జాలు వేసే యంత్రంలో బిట్లను తిప్పే గేర్లు పక్కపక్కన ఇమడటానికి కావలసిన దూరం అలా స్థిరపడిపోయింది. మనకు దీనితో పనేమిటంటే, తలుపుకు పెట్టే కప్ హింజిని పక్క పలకకు పట్టి ఉంచే మౌంటింగ్ ప్లేటు స్క్రూలు కూడా 32 మి.మీ. ఎడంతో, అదే 37 గీత మీద కూర్చుంటాయి. జిగ్ ఈ కొలతలు పాటిస్తే అరలకూ తలుపులకూ ఒకే వరస సరిపోతుంది. కొన్ని చవక జిగ్‌లు అంగుళాల్లో ఉంటాయి. అరలకు ఇబ్బంది లేదు, హింజిల దగ్గర మాత్రం మళ్లీ టేపు పట్టాలి.

అసలు నాణ్యత బుష్ పొడవులో ఉంది. ఎన్ని బెజ్జాలున్నాయన్నది పెద్ద లెక్క కాదు. బిట్‌కీ బుష్‌కీ మధ్య 0.2 మి.మీ. వదులుందనుకుందాం. బుష్ 10 మి.మీ. పొడవుంటే బిట్ ఒక డిగ్రీకి కాస్త పైగా వంగగలదు. 12 మి.మీ. లోతు దిగేసరికి పావు మిల్లీమీటరు పక్కకి పోతుంది. ఫరవాలేదు. అదే 3 మి.మీ. మందం పలకలో ఉత్త బెజ్జమే దారైతే వంపు నాలుగు డిగ్రీలకు చేరువవుతుంది, పిన్ను వంకరగా దిగడం కంటికే కనిపిస్తుంది. పైగా బిట్ తిరుగుతూ ఆ ప్లాస్టిక్‌నే తినేస్తుంది కాబట్టి రెండో కప్‌బోర్డుకే వదులు పెరుగుతుంది. కొట్లో బిట్ కాడని బుష్‌లో దూర్చి వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. కదలిక తెలిసీ తెలియనట్టు ఉండాలి. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) ఉంటే మొదటి బెజ్జం ఎడమ అంచు నుంచి చివరి బెజ్జం ఎడమ అంచుకి కొలవండి. ఏడు బెజ్జాల జిగ్‌లో అది 192 మి.మీ. రావాలి.

స్ప్రింగ్ తొడుగు బిట్ పద్ధతి తెలివైనది. తొడుగు ముక్కు జిగ్ బెజ్జంలో కూర్చుంటుంది, లోపలి బిట్ మాత్రమే చెక్కలోకి దిగుతుంది. జిగ్ అరగదు, లోతు కూడా తొడుగే ఆపుతుంది. కొత్తలో బుష్ జిగ్ కన్నా ఇదే హాయి. ఇబ్బందల్లా పొట్టుతోనే. ఎండీఎఫ్‌లో (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలకలో) ఇరవై ముప్పై బెజ్జాలకే తొడుగులో పొడి దట్టించుకుని స్ప్రింగ్ పట్టేస్తుంది. ముక్కు పూర్తిగా ముందుకు రాకుండానే బిట్ తాకితే బెజ్జం పక్కకి పోతుంది. బ్రష్‌తోనో గాలితోనో తరచూ దులపాలి. బిట్ మొద్దుబారితే ఆ కొలతది మళ్లీ ఇక్కడ దొరకడం కష్టం. ఏడాదికి ఒకటో రెండో కప్‌బోర్డులు చేసేవాళ్లకు ఇది చాలు.

ఇంట్లో చేసుకునేది 12 మి.మీ. ప్లైవుడ్ ముక్క అయితే ఒక అల్మారాకే లెక్క. బెజ్జాలు సాగుతాయి. అంతకన్నా మేలు అల్యూమినియం బాక్స్ సెక్షన్, అంటే నలుపలకల గొట్టం. డ్రిల్ స్టాండు మీద రెండు గోడల గుండా ఒకేసారి బెజ్జం వేస్తే బిట్‌కి రెండు చోట్ల ఆధారం దొరుకుతుంది. లోపల పొట్టు చేరుతుంది, అప్పుడప్పుడు తట్టి పారబోయాలి.

ఇక పనిలో. రెండు పక్క పలకలనీ ముందంచులు ఎదురెదురుగా ఉండేలా, పుస్తకం తెరిచినట్టు బల్ల మీద పరిచి అడుగు అంచులు ఒక గీతకు తెచ్చి క్లాంపు వేయండి. ‘అడుగు’ అని రెండింటి మీదా రాయండి. జిగ్‌కి కూడా ఒక కొసన ఎర్ర టేపు అంటించి, అది ఎప్పుడూ అడుగు వైపే ఉండాలని పెట్టుకోండి. జిగ్ రెండు కొసల నుంచీ మొదటి బెజ్జానికి ఉన్న దూరం ఒకటే అని నమ్మవద్దు. అర మిల్లీమీటరు తేడా ఉన్నవి చాలా ఉన్నాయి. ఎడమ పలకకు ఒక కొస, కుడి పలకకు ఇంకో కొస ఆనిస్తే ఆ తేడా నేరుగా అరలోకి వస్తుంది. పలక అంచుకు ఆని వరస దూరాన్ని నిలిపే ఫెన్స్ వదులుగా ఉన్నా ఇదే కథ. దాని కింద ఒక్క పొట్టు రవ్వ ఇరుక్కున్నా వరస పక్కకి జరుగుతుంది.

జిగ్‌ని పైకి జరిపేటప్పుడు అప్పటికే వేసిన చివరి బెజ్జంలో జిగ్‌ని నిలిపే ఇండెక్స్ పిన్ను గుచ్చి ముందుకు పోతాం. ప్రతి జరుపుకీ పిన్ను వదులు కొంచెం కలుస్తుంది. నాలుగు వరసల్లోనూ అడుగు నుంచే మొదలుపెట్టి, ప్రతిసారీ జిగ్‌ని పైవైపుకే నెట్టి బిగిస్తే ఆ తేడా నాలుగింటికీ దాదాపు ఒకేలా పడుతుంది, అర కుంటదు. ఒక వరస కింది నుంచి, ఇంకొకటి పై నుంచి వేస్తే ఎంత ఖరీదైన జిగ్గైనా చేయగలిగింది లేదు.

ఏడడుగుల అల్మారాకు నిలువునా బెజ్జాలు వేయకండి. 2100 మి.మీ. ఎత్తుకి నాలుగు వరసలూ కలిపి రెండొందల యాభైకి పైనే అవుతాయి. చూడ్డానికి జల్లెడలా ఉంటుంది, బొద్దింకలకు ఇళ్లు. అర ఉండబోయే చోటికి పైన రెండు, కింద రెండు చాలు.

లోతు 12 మి.మీ. పిన్ను కాడ మామూలుగా 8 నుంచి 10 మి.మీ. ఉంటుంది. 5 మి.మీ. మామూలు బిట్ మొన మరో ఒకటిన్నర మి.మీ. ముందుకి ఉంటుందని మరవకండి. లోతు ఆపే ఉంగరాన్ని, అంటే స్టాప్ కాలర్‌ని, బిట్ మీద బిగించేటప్పుడు జిగ్ మందం కలపాలి. జిగ్ 12, లోతు 12 అయితే 24. కాలర్ స్క్రూ బిట్ గాడిలో కూర్చుంటే పట్టు బాగుంటుంది. నున్నటి చోట బిగిస్తే పని మధ్యలో జారి బిట్ పలక అవతలికి వచ్చేస్తుంది, బయటి లామినేట్ పోయినట్టే. కాలర్ పైన మార్కర్‌తో గీత పెట్టుకుని పది బెజ్జాలకోసారి చూడండి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. కాలర్‌కీ జిగ్‌కీ మధ్య పొట్టు చేరి బెజ్జం లోతు తగ్గుతుంది, పిన్ను పూర్తిగా దిగదు. సగం దింపి, పైకి లాగి, మళ్లీ దింపితే సరి.

లోపలి లామినేట్ అంటించి, ఫెవికాల్ పూర్తిగా ఆరాకే బెజ్జాలు. ముందు బెజ్జాలు వేసి తర్వాత అంటిస్తే జిగురు వాటిల్లోకి దిగి గడ్డకడుతుంది. ముందంచుకు 2 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్ (అంచు కప్పే పట్టీ) తర్వాత వేసే పనైతే ఇప్పుడు 35 దగ్గర బెజ్జం వేయండి, బ్యాండ్ పడ్డాక 37 అవుతుంది. అరలకు దీంతో పనిలేదు గానీ హింజిలకు ఉంది.

లామినేట్ పెచ్చులు లేవకుండా ఉండాలంటే మూడు మొనల బిట్ వాడాలి. పక్క మొనలు ముందు గుండ్రంగా గీస్తాయి, తర్వాతే లోపలిది లేస్తుంది. డ్రిల్ తిరగడం మొదలయ్యాకే బిట్‌ని చెక్కకు తాకించండి. నీటికి తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్‌లోని ఫినాలిక్ జిగురు గట్టిది, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌ని త్వరగా మొద్దు చేస్తుంది. బెజ్జం నుంచి కాలిన వాసన వస్తే, అంచు నల్లబడితే బిట్ మార్చే వేళైందన్నమాట. ఇంకొకటి: మన ఇళ్లలో ఉండేవి ఎక్కువగా గోడలకు వాడే 13 మి.మీ. ఇంపాక్ట్ డ్రిల్లులు. సుత్తి గుర్తు మీద మీట ఉండిపోతే ప్రతి దెబ్బా జిగ్ మీదే పడుతుంది. బుష్‌లు ప్లాస్టిక్ నుంచి ఊడి వచ్చేది ఇలాగే. చిన్న 12 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్ ఈ పనికి చాలా నయం.

నాలుగేళ్లకు బుష్ జిగ్‌లో ఏం అరిగిందంటే, బుష్‌లు కాదు. ఇండెక్స్ పిన్ను సన్నబడింది, 5 మి.మీ. పాత బిట్ కాడ కోసి దాని స్థానంలో వాడుతున్నాను, అది ఇంకా బిగుతు. ఫెన్స్ స్క్రూ పట్టే ప్లాస్టిక్ మర సాగింది. అక్కడ ఇత్తడి ఇన్సర్ట్ ఉన్న జిగ్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. ఎండలో, కారు వెనక అద్దం కింద వదిలేస్తే ప్లాస్టిక్ ఒళ్లు వంగుతుంది, తిరిగి తిన్నగా కాదు.

బెజ్జం తప్పు చోట పడితే పక్కనే ఇంకోటి వేయబోకండి, బిట్ పాత బెజ్జంలోకే జారుతుంది. తప్పు బెజ్జాన్ని 6 మి.మీ.కు పెద్దది చేసి, జిగురు రాసిన 6 మి.మీ. చెక్క డోవెల్ (గుండ్రటి పుల్ల) కొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, ఉలితో సమంగా కోసి, జిగ్‌ని క్లాంపుతో బిగించి మళ్లీ వేయాలి. చేత్తో పట్టుకుని మాత్రం వేయకండి. డోవెల్‌కీ ప్లైవుడ్‌కీ గట్టిదనం వేరు, బిట్ మెత్తటి వైపుకే లాగుతుంది.