నాన్న వదిలివెళ్లిన ఇల్లు: కలిసి అమ్మడం మేలా, ఒకరికి రాసిచ్చేయడం మేలా?

సంవత్సరీకం అయ్యేదాకా ఎవరూ ఎత్తని మాట, అది కాగానే అందరి నోటా వస్తుంది: ఇల్లు ఏం చేద్దాం? మేం తెనాలిలోని ఇంటిని ఈమధ్యే బయటివాళ్లకి అమ్మి పంచుకున్నాం. అప్పట్నుంచి బంధువుల్లో ఎవరికి ఈ సందేహం వచ్చినా నాకే ఫోన్ చేస్తున్నారు. అందరూ కలిసి అమ్మేయాలా, తోబుట్టువుల్లో ఒకరే ఉంచుకుని మిగతావాళ్లకి డబ్బివ్వాలా? హిందూ కుటుంబం, తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందిది ఇదే పరిస్థితి కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

అందరూ ముందు గజం ధర దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో ధర రెండోది. ముందు చూడాల్సింది ఎన్ని సంతకాలు కావాలన్నది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ, కొడుకులకీ, కూతుళ్లకీ తలా ఒక సమాన వాటా అని అందరికీ తెలుసు. నానమ్మ సంగతే చాలామందికి గుర్తుండదు. కొడుకు పోయేనాటికి తల్లి బతికుంటే ఆవిడకీ అంతే వాటా వస్తుంది. రేపు ఆవిడ కూడా వీలునామా రాయకుండా పోతే ఆ వాటా ఆవిడ పిల్లలందరికీ వెళ్తుంది. అంటే బాబాయిలూ, మేనత్తలూ మీ ఇంట్లో వాటాదారులవుతారు. ఐదు సంతకాలతో తేలిపోవాల్సింది ఎనిమిదికో పదికో చేరుతుంది. అన్నయ్యకి ఏమన్నా అయితే వదినా పిల్లలూ వస్తారు. వాళ్లలో మైనరుంటే ఆ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. ఎవరి మధ్యా మాట తేడా రాకుండానే ఇల్లు అమ్మలేని స్థితికి చేరిపోతుంది. ‘రేటు పెరిగాక చూద్దాంలే’ అని ఏళ్లు జరిపేవాళ్లు సంతకాలు ఇలా పెరగడాన్ని లెక్కలోకి తీసుకోరు.

పెళ్లిలో అంతా పెట్టేశాం కదా, చెల్లెలి సంతకం ఎందుకనే మాట ఇంకా వినపడుతోంది. కొనేవాడి లాయరు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతాడు, అందులో చెల్లెలి పేరు ఉంటుంది. ఇక ఆ వాదన అక్కడితో సరి.

కలిసి అమ్మితే అందరూ ఒకేరోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టి బయటపడొచ్చు. ధర బయటివాడు చెప్పింది కాబట్టి ‘నువ్వు తక్కువకి కొట్టేశావు’ అనే నింద ఎవరి మీదా పడదు. ఎవరి వాటా డబ్బు వాళ్ల ఖాతాలోకే నేరుగా వేయమనండి. పెద్దవాడి ఖాతాలో వేసి తర్వాత పంచుకోవడం వద్దు. అమెరికాలో ఉన్న తమ్ముడు రాలేకపోతే కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు, కానీ అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఎన్నారై వాటా మీద కొనేవాడు పట్టుకునే టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసేసే పన్ను) చాలా ఎక్కువ. తగ్గించుకునే సర్టిఫికెట్ కోసం ఆదాయపు పన్ను శాఖకి ముందే దరఖాస్తు పెట్టమనండి. బయానా తీసుకున్నాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

ఒకరే ఉంచుకోవడం వినడానికి బాగుంటుంది. నాన్న ఇల్లు చేజారదు, పండక్కి వెళ్లడానికి ఒక చోటుంటుంది. కానీ ధర ఎంతని ఎవరు తేల్చాలి? తీసుకునేవాడు తక్కువంటాడు, ఇచ్చేవాళ్లు ఎక్కువంటారు, ఇద్దరికీ మధ్య అమ్మ నలిగిపోతుంది. పైగా ‘విడతలుగా ఇస్తాలే’ అన్న మాట ఒకటి. ఈ దారిలోనే వెళ్తామంటే విడుదల దస్తావేజు (మిగతావాళ్లు తమ హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చే పత్రం) రిజిస్టర్ చేయించండి, డబ్బంతా ఆరోజే తీసుకోండి. పెద్దమనుషుల ముందు రాసుకున్న తెల్లకాగితం ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే సర్టిఫికెట్‌లో) కనపడదు, దాన్ని నమ్ముకుని ఏ బ్యాంకూ లోను ఇవ్వదు.

పన్ను వల్ల ఈ రెండిటిలో ఒకటి గెలుస్తుందని నేననుకోను. వారసత్వంగా ఇల్లు వచ్చినప్పుడు పన్ను ఉండదు, అమ్మినప్పుడే ఉంటుంది. నాన్న కొన్న ధరే మీ కొనుగోలు ధర. ఆయన 2001 ఏప్రిల్ 1కి ముందు కొని ఉంటే, ఆ ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు. 2024 జులై 23 నుంచి దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. ఎవరి వాటాకి వాళ్లే లెక్క కట్టుకుని, రెండేళ్లలో ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు అడగొచ్చు. డబ్బు తీసుకుని హక్కు వదులుకోవడం కూడా బదిలీ కిందికి రావచ్చు కాబట్టి విడుదల రాసేవాళ్లూ ఆడిటర్ని అడిగి కదలాలి.

బిల్డరుకిచ్చి ఫ్లాట్లు తీసుకోవడం స్థలం పెద్దదైతేనే ఆలోచించాల్సిన సంగతి. అద్దెకివ్వడమంటే నిర్ణయాన్ని వాయిదా వేయడమే. ఎవరి వాటా వాళ్లు విడిగా అమ్ముకోవడమనేది ఉన్నా, మిగతా వారసులు ‘ముందు మాకే’ అనొచ్చు, పైగా పంపకం కాని ఇంట్లో వాటా కొనే బయటివాడు దొరకడం కష్టం.

కాబట్టి నా ఓటు కలిసి అమ్మడానికే, అదీ త్వరగా. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటానంటే మాత్రం ఈ రెండూ వద్దు. నానమ్మ ఉంటే ఆవిడతో సహా అందరూ అమ్మ పేరున విడుదల రాసివ్వండి, అమ్మ దగ్గర నోటికొచ్చిన రేట్లు చెప్పే బ్రోకర్లని గుమ్మం ఎక్కనివ్వకండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే ఆవిడ సంతకం ఒక్కటే సరిపోతుంది. మున్సిపాలిటీలో ఇంటిపన్ను ఆవిడ పేరుకి మార్పించాక, ఒప్పుకుంటే వీలునామా కూడా రాయించి రిజిస్టర్ చేయించండి.