జర్మనీలో గది: బరంపురం నుంచే ఖాయం చేసుకోవాలా, దిగాక చూసుకోవాలా?

అక్టోబరు సెమిస్టర్‌కి సీటొచ్చిన ఇంట్లో, అది బరంపురమైనా పర్లాకిమిడైనా రాయగడైనా, వీసా తర్వాత మొదలయ్యే బెంగ ఇదే. "ఉండడానికి చోటు లేకుండా పిల్లని ఎలా పంపిస్తామండీ?" అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఆ బెంగతోనే కొందరు కంటితో చూడని ఫ్లాటుకి ఇక్కణ్ణుంచే డబ్బు కట్టేస్తారు. ఆ దారి మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

ఏ గదికైనా అద్దె ఎంత అని అడిగే ముందు "ఈ చిరునామా మీద అన్మెల్డుంగ్ చేసుకోనిస్తారా?" అని అడగండి. దిగిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లిచ్చినవాళ్ళు సంతకం చేసిన కాగితం కావాలి. 2015 నవంబరు నుంచి అది తప్పనిసరి. ట్యాక్స్ నంబరు, రెసిడెన్స్ పర్మిట్, చాలా బ్యాంకుల్లో ఖాతా ఆ నమోదు తర్వాతే. అద్దె ఎంత తక్కువైనా సరే, ఈ సంతకం పెట్టనంటే ఆ గది వదిలేయండి.

ఇక్కణ్ణుంచే ఫ్లాటు అగ్రిమెంటు చేసుకుంటే నేరుగా సొంత గదిలో దిగొచ్చన్న ధీమా ఉంటుంది. కానీ వీసా తేదీ మన చేతిలో లేదు. మన ఒడిశావాళ్ళ దరఖాస్తు కలకత్తా కాన్సులేటుకి వెళ్తుంది, ఇచ్ఛాపురం అవతలి బంధువులది చెన్నైకి. వాళ్ళబ్బాయికి ఎన్ని వారాల్లో వచ్చిందో చూసి మన లెక్క వేసుకోకూడదు. సెప్టెంబరు 1 నుంచి అని సంతకం పెట్టాక వీసా ఆలస్యమైనా అద్దె ఆగదు. వెళ్ళాక నచ్చకపోతే మామూలు అగ్రిమెంట్లలో 3 నెలల ముందు నోటీసివ్వాలి.

డబ్బు సంగతీ చూడండి. అడ్వాన్సు కాల్ట్‌మీటెకి, అంటే హీటింగు వగైరా కలపని అద్దెకి, 3 రెట్ల దాకా అడగొచ్చు. అది 500 యూరోలైతే అడ్వాన్సు 1500 దాకా అవుతుంది. బ్లాక్డ్ అకౌంటులో, అంటే అక్కడి ఖర్చులకని వీసా కోసం ముందే జమచేసే ఖాతాలో, వేసిన 11,904 యూరోలు ఉన్నాయి కదా అనుకుంటారు. ఆ డబ్బు అక్కడికి చేరాకే, నెలకి 992 చొప్పున చేతికొస్తుంది. కనుక అడ్వాన్సు ఇంటి నుంచి విడిగా సర్దాల్సిందే. దాన్ని 3 నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అక్కడి చట్టం ఇచ్చింది. "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అనేవాడు మోసగాడే, మాట్లాడడం అక్కడితో ఆపేయండి.

ఇంకొకటి. ప్రకటనలో వంటగది ఉందని రాయకపోతే చాలా ఫ్లాట్లలో అది ఖాళీ గదే: గోడకి నీళ్ళ గొట్టం, స్టవ్వుకి కరెంటు పాయింటు, అంతే. సింకు, అల్మారాలు, పొయ్యి అన్నీ మనమే కొనుక్కోవాలి. మొదటి నెలలో చదువుకునే పిల్లకి అంత ఖర్చెందుకు?

ష్టూడీరెండెన్‌వెర్క్, అంటే అక్కడి విద్యార్థి సేవల సంస్థ, నడిపే హాస్టల్ గది దొరికితే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. మంచం, బల్ల ఉంటాయి, హీటింగు, ఇంటర్నెట్ చాలాచోట్ల అద్దెలోనే కలిసిపోతాయి, నమోదు కాగితానికి పేచీ ఉండదు. చిక్కల్లా క్యూ. మ్యూనిక్‌లో సెమిస్టర్ల తరబడి ఆగాలి, చెమ్నిట్జ్ లాంటి ఊళ్ళలో చాలా తేలిక. వీసా రానీ చూద్దాం అనుకోకుండా, అడ్మిషన్ లెటర్ అందిన రోజే దరఖాస్తు పెట్టేయాలి.

అది దొరకనివాళ్ళకి నా సలహా: ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరెళ్ళే విద్యార్థులు రెండు మూడు నెలలకి అద్దెకిచ్చే, సామానుతో ఉన్న గది. ఓనర్ ఒప్పుకున్నట్టు రాతలో అడగండి, నమోదు సంగతి అందులోనే తేల్చుకోండి. వీడియో కాల్‌లో గది ఒక్కటే కాదు, వీధి తలుపు, కాలింగ్ బెల్ మీది పేరు, కిటికీలోంచి రోడ్డు చూపించమనండి. అక్కడుంటూ మిగతా గదులు వెతకడం సులువు. నలుగురు కలిసుండే ఫ్లాటులో కొత్తవాళ్ళని ఎంచుకునేది చాలావరకు ఆ ఇంట్లోవాళ్ళే. ఎదురుగా కూచుని మాట్లాడిన మనిషికే ఇవ్వడానికి ఇష్టపడతారు.

సీనియర్ గదిలో దిగే మన అలవాటు నాలుగు రోజులకి బాగుంటుంది. విమానం దిగిన పిల్లకి తెలుగులో పలకరించే మనిషి, వేడి అన్నం దొరకడం చిన్న సంగతి కాదు. కానీ నమోదుకి ఆ చిరునామాని నమ్ముకోవద్దు, వాళ్ళ ఓనర్ ఒప్పుకోకపోతే ఆ సీనియర్‌కే ఇబ్బంది. ఉత్తరాలు ఆ ఇంటికి రప్పించుకుంటే లెటర్‌బాక్స్ మీద మీ పేరు అంటించమనండి, లేకపోతే అవి వెనక్కి పోతాయి.

ఏ దారిలో వెళ్ళినా టికెట్ మంగళవారమో బుధవారమో దిగేలా కొనండి. హాస్టల్ తాళాలిచ్చే హౌస్‌మైస్టర్ పని వేళల్లోనే దొరుకుతాడు, ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి.